సమానమయ్యేదాకా

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక కాగితం రాసుకున్నారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. వస్తుందన్న ఆశ ఒక్కటే ఉంది. ఇల్లు కట్టకముందే వాటాలు మాట్లాడుకోవలసి వచ్చిందంటే సీమవాసుల భయం ఎంత పాతదో అర్థమవుతుంది. అమృతాంజనం స్థాపించిన పెద్దమనిషి ఇంట్లోనే తెలుగువాళ్లు తమ చిరకాలపు తలనొప్పికి మొదటి పట్టు వేశారని ఇప్పుడు నవ్వుకోవచ్చు. కానీ ఆ కాగితం ఆషామాషీది కాదు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు అన్నారు. అన్నిటికంటే ముఖ్యమైన మాట నీళ్ల గురించి. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు కోస్తా జిల్లాల స్థాయికి వచ్చేందుకు తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, వాటికే మొదటి చోటు ఇవ్వాలని రాసుకున్నారు.

అవసరం తీరిందో లేదో తేల్చేది ఎవరు? ఏ కొలతతో? ఏటా ఆ లెక్కను ఎవరి ముందు పెట్టాలి? ఆ కాగితంలో ఈ సంగతి లేదు. రాసినవాళ్ల నిజాయతీని శంకించనక్కర్లేదు. పెద్దమనుషులు ఒకరి మాట ఒకరు నమ్మి రాసుకున్నప్పుడు కొలబద్ద ఏదని అడగడం అమర్యాదగా తోస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా వచ్చింది, మరుసటి ఏడాది గుంటూరులో హైకోర్టు వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి రెండూ హైదరాబాదుకు చేరాయి. మొదటి చోటు సంగతి అడిగినవాళ్లకు శ్రీబాగ్ కాగితం ఒక పాత ఉత్తరంలా మిగిలింది.

1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందానిదీ అదే దారి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చుపెట్టాలన్నారు గానీ, ఆ మిగులు ఎంతో ఏటా లెక్కగట్టి ప్రకటించే యంత్రాంగం పెట్టలేదు. లెక్క ఎప్పుడు మొదలైంది? 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చాక. కుమార్ లలిత్ కమిటీ ఒక అంకె చెప్పింది, జస్టిస్ భార్గవ కమిటీ మరో అంకె చెప్పింది. పుస్తకం పదమూడేళ్లు మూసిపెట్టి ఒక్కసారి తెరిస్తే అంకెలు కుదురుతాయా? 1973 ఆరు సూత్రాల కథా అంతే. ఉద్యోగాల్లో స్థానికుల వాటా కాపాడటానికి 371-డి అధికరణం, రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీవో వచ్చాయి. ఉల్లంఘనలు ఎన్నో లెక్కతీయడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేసేసరికి 2001 వచ్చేసింది. తెలుగునాట ప్రాంతాల మధ్య తేడా మీద రాసిన కాగితాలకు కొదవ లేదు. ప్రతిసారీ మాట ముందు, ఆందోళన తర్వాత, కొలత అన్నిటికంటే చివర.

2014 పునర్విభజన చట్టం దగ్గరికి వద్దాం. రాయలసీమ, ఉత్తరాంధ్రలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అన్నారు. ఒడిశాలోని కోరాపుట్-బొలంగీర్-కలహండి ప్రణాళిక, బుందేల్‌ఖండ్ ప్యాకేజీల తరహాలో అని రాజ్యసభలో ప్రధాని చెప్పారు. చివరికి తేలింది ఏడు జిల్లాలకు జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున 350 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ఏడు జిల్లాల్లో దాదాపు రెండు కోట్ల నలభై అయిదు లక్షల మంది ఉన్నారు. భాగించి చూస్తే తలకు ఏడాదికి 140 రూపాయల చిల్లర. ఈ సొమ్ముతో ఏ జిల్లా ఏ జిల్లాను అందుకుంటుందని ఆ రోజు ఎవరూ అడిగినట్టు లేదు. అది కూడా మూడేళ్లు వరుసగా వచ్చి మధ్యలో ఆగింది. కేంద్రం మోసం చేసిందని రాష్ట్రం, లెక్కలు పంపలేదని కేంద్రం ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. ఆ తగవులో ఎవరిది పైచేయి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ ఏడు జిల్లాలు ఎంత ముందుకు వస్తే ప్యాకేజీ పని పూర్తయినట్టు అన్న ప్రశ్న ఇద్దరి ఉత్తరాల్లోనూ లేదు.

తేడాను ఎక్కడ నిలబడి చూడాలన్నది ఇంకో చిక్కు. జిల్లా సగటు చెప్పేదానికంటే దాచేది ఎక్కువ. 2016 అక్టోబరు దాకా ఉన్న పాత రంగారెడ్డి జిల్లానే చూడండి. అందులో శేరిలింగంపల్లి ఉంది, తాండూరూ ఉంది. ఒకచోట గచ్చిబౌలి అద్దాల మేడలు, మరోచోట బండల గనులు, కంది చేలు. రెండూ కలిపి సగటు తీస్తే జిల్లా నిక్షేపంగా కనిపించేది. వికారాబాద్‌ను విడదీశాక అసలు బొమ్మ బయటపడింది. తెలంగాణలో తలసరి ఆదాయంలో మొదటి స్థానం రంగారెడ్డిది. వికారాబాద్ అట్టడుగు వరుసలో ఉంది. నిన్నటిదాకా ఒకే కలెక్టరు కింద ఉన్న రెండు ముక్కల మధ్య తేడా నాలుగు రెట్లకు పైనే. గీత గీసినందువల్ల ఎవరూ పేదలు కాలేదు, ఉన్న పేదరికానికి ఒక పేరు వచ్చింది, అంతే. ఇప్పటి రంగారెడ్డి లోపల కూడా శంషాబాద్ విమానాశ్రయం, మంచాల, యాచారం పల్లెలు ఒకే సగటులో కూర్చున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంతే. 13 జిల్లాల కాలంలో తలసరి ఆదాయ పట్టికలో పై వరుసలో విశాఖపట్నం, అడుగున శ్రీకాకుళం ఏళ్ల తరబడి ఉండేవి. రెంటి మధ్యా దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఈ రెండు జంటల్లోనూ బాగా ఉన్న జిల్లాకూ లేని జిల్లాకూ మధ్య రోడ్డు ప్రయాణం రెండు మూడు గంటలు మించదు. రోడ్డు వేస్తే సంపద నడిచి వస్తుందనే నమ్మకం మీద ఇది చన్నీళ్లు చల్లుతుంది. రోడ్డు మీద సరుకు ఎటు పోతుందో, మనుషులు ఎటు పోతారో రోడ్డు వేసినవాళ్లు నిర్ణయించలేరు. శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. పెద్ద పడవ నిలిపే రేవు లేక అక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి ఇతరుల బోట్లలో కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీకి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఆ కథ సినిమా అయింది, జనం చూశారు. సముద్రం పెరట్లో పెట్టుకున్నవాడు చేపల కూలికి దేశం ఆ చివరికి ఎందుకు పోయాడన్న ప్రశ్న సినిమా హాలు దాటి బయటికి రాలేదు.

సగటు చేసే నష్టం కేవలం బొమ్మకు సంబంధించింది కాదు, డబ్బుకు సంబంధించింది కూడా. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచేటప్పుడు ఆర్థిక సంఘం ఒక సూత్రం వాడుతుంది. 15వ ఆర్థిక సంఘం సూత్రంలో 45 శాతం బరువు ఆదాయ దూరానికి. అంటే రాష్ట్ర తలసరి ఆదాయం పై రాష్ట్రాలకు ఎంత దిగువన ఉందన్నదానికి. పేద రాష్ట్రానికి ఎక్కువ, సంపన్న రాష్ట్రానికి తక్కువ. న్యాయమే. ఈ లెక్కలో తెలంగాణ వాటా 14వ సంఘం నాటి 2.437 శాతం నుంచి 2.102కు దిగింది. తగ్గింపుకు పెద్ద కారణం రాష్ట్ర సగటు ఆదాయం ఎక్కువగా ఉండటం. ఆ సగటును అంత ఎత్తున నిలబెట్టింది హైదరాబాదు, దాని చుట్టుపక్కల. నారాయణపేటకో, ఆసిఫాబాద్‌కో రావలసిన రూపాయికి గచ్చిబౌలి జీతాలు అడ్డుపడ్డాయన్నమాట. దీనిమీద రాష్ట్ర నాయకులు ఢిల్లీని నిలదీశారు. ఆ నిలదీతలో న్యాయం లేకపోలేదు.

అయితే అదే ప్రశ్నను నారాయణపేట హైదరాబాదును అడగవచ్చు కదా. కేంద్రం నుంచి రాష్ట్రానికి డబ్బు రావడానికి మంచిదో చెడ్డదో ఒక సూత్రం ఉంది. అది అచ్చయి ఉంటుంది, దానిమీద వాదించుకోవచ్చు. రాష్ట్ర ఖజానా నుంచి జిల్లాకు పోయే డబ్బుకు ఆ పాటి సూత్రం లేదు. రాజ్యాంగంలో 243-ఐ కింద రాష్ట్ర ఆర్థిక సంఘాలున్నాయి. కానీ వాటి చూపు పంచాయతీలు, మునిసిపాలిటీల పద్దుల మీద. సాగునీరు, రోడ్లు, ఆసుపత్రులు, కాలేజీల మీద రాష్ట్రం పెట్టే పెద్ద ఖర్చులో ఏ ప్రాంతానికి ఎంత అన్నది ముఖ్యమంత్రి ఏ జిల్లావారు, నీటిపారుదల మంత్రి ఎవరు, వచ్చే ఎన్నికల్లో ఎక్కడ గట్టి పోటీ అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఢిల్లీ దగ్గర సమన్యాయం కోరే రాష్ట్రాలు తమ జిల్లాల దగ్గర ఢిల్లీ కంటే కటువుగా ఉంటాయి. ఇది ఏ ఒక్క పార్టీ దోషమూ కాదు.

శంకుస్థాపన మాత్రం అందరికీ ఇష్టం. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి రాయి వేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా చోటు మారింది, కొబ్బరికాయ మారింది. ఒకవేళ మొదటి రాయితోనే ఫ్యాక్టరీ లేచి ఉంటే చిక్కు తీరేదా అంటే అదీ సందేహమే. ఇటలీ దక్షిణ ప్రాంతం ఉత్తరం కంటే బాగా వెనుకబడి ఉండేది. 1950లో ఆ ప్రభుత్వం దక్షిణానికి ప్రత్యేక నిధి సంస్థ పెట్టి, మూడు దశాబ్దాల పైన నడిపింది. మొదటి ఏళ్లలో నీటి పథకాలు, రోడ్లు, భూసంస్కరణ మీద పెట్టిన ఖర్చుకు ఫలితం కనిపించింది, తేడా నిజంగానే తగ్గింది. తర్వాత టారంటో ఉక్కు ఫ్యాక్టరీ లాంటి భారీ పరిశ్రమలు దింపారు. చుట్టూ చిన్న పరిశ్రమలు అల్లుకోలేదు. ఎడారిలో కట్టిన కేథడ్రల్స్ అని ఇటలీవాళ్లే వాటిని ఎద్దేవా చేశారు. 1970ల మధ్య నుంచి తేడా తగ్గడం ఆగిపోయింది. 1984లో ఆ సంస్థను రద్దు చేశారు. గుడి కట్టినంత మాత్రాన ఊరు వెలవదని వాళ్లు ఖర్చుపెట్టి నేర్చుకున్నారు. మనం రాళ్లు వేయడం దగ్గరే ఉన్నాం కాబట్టి అంత ఖర్చు ఇంకా కాలేదు.

జర్మనీ వేరే దారి పట్టింది. 1990లో తూర్పు, పశ్చిమాలు కలిశాక సంఘీభావ పన్ను వేశారు. చాలామంది అనుకున్నట్టు అది పశ్చిమవాళ్ల మీద మాత్రమే కాదు, తూర్పువాళ్లూ కట్టారు. 1998 నుంచి ఆదాయపు పన్ను మీద 5.5 శాతం. తూర్పు రాష్ట్రాలకు ప్రత్యేక నిధుల ఒప్పందం 2019 దాకా సాగింది, 2021 నుంచి ఎక్కువమందికి ఆ పన్ను తీసేశారు. ముప్పై ఏళ్లు అంత సొమ్ము పోసినా తూర్పున జీతాలు ఇప్పటికీ తక్కువే. పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఇంకా పశ్చిమానే ఉన్నాయి. చదువుకున్న యువతరం, ముఖ్యంగా ఆడపిల్లలు, వెళ్లిపోయిన పట్టణాల్లో అసంతృప్తి ఓట్ల పెట్టెల్లో కనిపిస్తోంది. జర్మనీని ఆదర్శంగా చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒక్క అలవాటు మాత్రం గమనించదగ్గది. ఏకీకరణ ఎంతవరకు వచ్చిందో చెప్పే నివేదికను ఆ ప్రభుత్వం ఏటా పార్లమెంటుకు ఇస్తూ వచ్చింది. జీతాలు, జనాభా, ఉద్యోగాలు, చివరికి జనం మనసులో ఏముందన్నది కూడా అందులో ఉంటుంది. ఇబ్బందికరమైన అంకెలున్న ఏడాది కూడా నివేదిక మానలేదు. ఐరోపా సమాఖ్యదీ ఇంచుమించు ఇదే పద్ధతి. సగటు తలసరి ఉత్పత్తిలో 75 శాతం కంటే తక్కువ ఉన్న ప్రాంతాన్ని వెనుకబడినదిగా లెక్కగడతారు. గీత దాటితే సాయం తగ్గుతుంది, గీత కిందికి జారితే పెరుగుతుంది. ఎవరి దయతోనూ పనిలేదు.

అంత దూరం దేనికి, మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే కర్ణాటక. అక్కడ 2002లో డి.ఎం. నంజుండప్ప కమిటీ తాలూకాల వారీగా కొలిచి, 175 తాలూకాల్లో 114 వెనుకబడినవని తేల్చింది. వాటిలో 39 అత్యంత వెనుకబడినవి అంది. జిల్లా సగటు కింద దాక్కోవడానికి తాలూకాకు చోటు లేకుండా పోయింది. దశాబ్దం తర్వాత 371-జె వచ్చినప్పుడు, పాత హైదరాబాదు కర్ణాటక ప్రాంతానికి మండలి, నిధులు ఏర్పడినప్పుడు, అడగడానికి చేతిలో ఒక పట్టిక ఉంది. దానితో రాయచూరు బాగుపడిందా అంటే తొందరపడి అవునని అనలేం. 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో రాయచూరు, యాదగిరి ఉన్నాయి. ఎంత ఖర్చయింది, ఎంత మారింది అని మళ్లీ కొలవడానికి 2024లో ఎం. గోవిందరావు అధ్యక్షతన కొత్త కమిటీ వేశారు. పాత కొలత ఉంది కాబట్టే కొత్త కొలతకు అర్థం ఉంటుంది.

ఆకాంక్షిత జిల్లాల పథకానికి ఇవ్వవలసిన మెచ్చుకోలు ఇవ్వాలి. 112 జిల్లాలను 49 సూచికలతో నెలనెలా కొలవడం ఈ దేశంలో అంతకుముందు లేని పని. కానీ ఆంధ్రప్రదేశ్ నుంచి జాబితాలోకి ఎవరు ఎక్కారో చూడండి: విజయనగరం, కడపలతో పాటు విశాఖపట్నం జిల్లా. పాడేరు మన్యం కోసం, ఓడరేవూ ఉక్కు ఫ్యాక్టరీ రిఫైనరీ ఉన్న జిల్లా మొత్తం వెనుకబడిన వరుసలో కూర్చుంది. కర్నూలుకు చోటు రాలేదు. 2023లో ఈ పథకాన్ని బ్లాకుల స్థాయికి దించారంటే, జిల్లా అన్న గీత పెద్దదైపోయిందని ఢిల్లీకీ తట్టినట్టే.

కర్నూలు పడమటి మండలాల సంగతి ఇక్కడే చెప్పాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో వానకారు పంట చేతికి వచ్చాకనో, రాదని తేలాకనో జనం సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతారు. గుంటూరు, ప్రకాశం, తెలంగాణ మిరప చేలల్లో కోత. కిలోకింత అని కూలి. ఎంత ఎక్కువ చేతులుంటే అంత డబ్బు కాబట్టి పిల్లలూ వెళతారు. పదేళ్ల పిల్ల చేను గట్టున చంటివాణ్ని చూసుకుంటుంది, పన్నెండేళ్ల పిల్ల కాయ కోస్తుంది. ఊళ్లో ముసలివాళ్లు, మేకలు మిగులుతాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు పారే నేలలో పంట, నీళ్లు అందని నేల నుంచి కూలి. సాగర్, శ్రీశైలం లాంటి ఆనకట్టల మట్టి మోసింది పాలమూరు కూలీలు. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి దేశమంతా తిప్పిన జనం వాళ్లు. శ్రీశైలం జలాశయం కింద మునిగినవీ కర్నూలు, మహబూబ్‌నగర్ ఊళ్లే. ఉపాధి హామీ పథకం 2006లో పుట్టింది పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అయినా సుగ్గి ఆగలేదు. నూరు రోజుల కూలి, అది కూడా చేతికి ఎప్పుడొస్తుందో తెలియని కూలి, వారం వారం ముట్టే మిరప డబ్బుతో పోటీపడలేకపోయింది.

జనం కదలడం తప్పా అని ఆర్థికవేత్తలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సంపద ఎక్కడైనా కొన్నిచోట్లే పోగవుతుందని, దాన్ని పలుచగా అంతటా పరచబోతే ఎక్కడా పెరగదని ప్రపంచ బ్యాంకు 2009 అభివృద్ధి నివేదిక వాదించింది. ప్రతి మండలంలో ఐటీ పార్కు పెడతామనేవాళ్లు ఆ నివేదికను ఒకసారి తిరగేయడం మంచిది. రాజంపేట, రాయచోటి పల్లెల్లో కువైట్ డబ్బుతో లేచిన ఇళ్లు ఎవరి ప్యాకేజీ వల్లా లేవలేదు. శ్రీకాకుళం కుర్రాడు ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వెళితే అతను వలసపోయాడని ఎవరూ జాలిపడరు. అదే నివేదిక ఇంకో మాట కూడా అంది. ఉత్పత్తి ఒకచోటే ఉన్నా బడి, వైద్యం, మంచినీళ్ల లాంటివి అన్నిచోట్లా ఒకే స్థాయికి రావాలని. మన పాలకులు మొదటి మాటను రాజధానులు కట్టేటప్పుడు గుర్తుంచుకుంటారు, రెండో మాట దగ్గర నిధుల కొరత గుర్తొస్తుంది. కోసిగి పిల్ల పెద్దయ్యాక గుంటూరు వెళ్లినా, హైదరాబాదు వెళ్లినా అది ఆమె ఇష్టం. ఆరో తరగతి ఫిబ్రవరిలో ఆగిపోయి వెళ్లడం ఆమె ఇష్టం కాదు.

ఇలా బడి మధ్యలో మానే పిల్లల లెక్క ఇప్పటికే సర్కారు దగ్గర ఉంది. బడి హాజరు ఫోన్లో వేస్తున్నారు. ఏ మండలంలో జూన్‌లో ఎంతమంది పిల్లలున్నారు, ఫిబ్రవరిలో ఎంతమంది మిగిలారు అన్నది ఒక గుమాస్తా మధ్యాహ్నంలో తీయగల అంకె. సుగ్గి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ల పద్దులో కూడా అది తొంగిచూస్తుంది. కానీ దాన్ని విద్యాశాఖ డ్రాపౌట్ల కింద చూస్తుంది, కార్మికశాఖ వలస కింద చూస్తుంది, ప్రాంతాల మధ్య తేడాకు కొలతగా ఎవరూ చూడరు. తలసరి ఆదాయం కంటే ఇది నమ్మదగిన కొలత. ఫ్యాక్టరీ లాభం జిల్లా పద్దులో పడి సగటును పెంచగలదు గానీ, ఖాళీ బెంచీని నింపలేదు.

బడ్జెట్‌తో పాటు రెండు రాష్ట్రాలూ ఏటా సామాజిక ఆర్థిక సర్వే ప్రచురిస్తాయి. జిల్లాల తలసరి ఆదాయం అందులో ఎప్పుడూ ఉండే పట్టికే. పక్కన ఇంకో పట్టిక, మండలాల వారీగా, ఈ హాజరు లెక్కతో వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్రం అనుమతి అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. మొదటి ఏడాది ప్రభుత్వానికి ఇబ్బందిగానే ఉంటుంది. రెండో ఏడాది ప్రతిపక్షం పట్టుకుని గొడవ చేస్తుంది. మూడో ఏడాదికి ఆ మండలాల శాసనసభ్యులు, ఏ పార్టీవారైనా సరే, బడి మానిన పిల్లల అంకె కిందటేటి కంటే ఎందుకు తగ్గలేదని సభలో లేచి అడగకపోతే ఊళ్లోకి వెళ్లడం కష్టమవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత ఆర్థికమంత్రిది కావాలి, విద్యామంత్రిది కాదు.